తెలిసిన చరిత్రతో ఇంగ్లిష్: చదివి భాష పట్టుకునే పద్ధతి

ఇంగ్లిష్ రావాలంటే రోజూ పేపర్లో ఎడిటోరియల్ చదవమని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. ఆ మాట నమ్మి మొదలుపెట్టినవాళ్లలో చాలామంది పది పదిహేను రోజుల్లో ఆపేసి, తప్పు తమ బుర్రదే అనుకుంటారు. తప్పు సలహాది. ఎడిటోరియల్ రాసేవాళ్లు నిన్నటి వార్త, పోయిన నెల కోర్టు తీర్పు, నిరుటి బడ్జెట్ అన్నీ మీకు తెలుసనే లెక్కతో రాస్తారు. అంటే విషయమూ కొత్తదే, మాటలూ కొత్తవే. ఒకేసారి రెండు కొత్తవాటితో కుస్తీ పడితే ఏదీ లొంగదు.

దీనికి విరుగుడు తేలికే. విషయం పాతదై ఉండాలి, భాష ఒక్కటే కొత్తదై ఉండాలి. చరిత్ర, సంస్కృతి, మనుషుల జీవితాలు ఇందుకు బాగా పనికొస్తాయి. కాకతీయులు ఎవరో, గోదావరికి ఆనకట్ట ఎందుకు కట్టారో, కలంకారీ అద్దకం ఎలా వేస్తారో మీకు తెలుగులో ఎంతో కొంత తెలుసు. ఆ తెలిసిన సగమే తెలియని సగానికి దారి చూపిస్తుంది.

ఈ పద్ధతి పదో తరగతి స్థాయి ఇంగ్లిష్‌ని తడుముకుంటూనైనా చదవగలిగేవాళ్ల కోసం. అక్షరాలు కూడబలుక్కుని చదివే దశలో ఉంటే ముందు ఐదో తరగతి వాచకాలు పూర్తి చేసి రండి. రోజుకు అరగంట చాలు. అయితే ఆ అరగంట రోజూ ఉండాలి. ఆదివారం ఒక్కసారే మూడున్నర గంటలు కూర్చుంటే ఆ ఫలితం రాదు.

మీ మెట్టు ఏదో ముందు తేల్చుకోండి

చదవాలనుకున్న పుస్తకంలోనో వ్యాసంలోనో మధ్య నుంచి ఒక చోట 100 మాటలు లెక్కపెట్టండి. మొదటి పేజీ వద్దు, అది ఎప్పుడూ కాస్త వేరుగా ఉంటుంది. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు లెక్కలోంచి తీసేయండి. మిగిలినవాటిలో అర్థం తెలియనివి ఎన్ని?

రెండో అంతకన్నా తక్కువో అయితే హాయిగా చదువుకుంటూ పోవచ్చు. మూడు నుంచి ఐదు దాకా ఉంటే పెన్సిల్ పట్టుకుని చదవాల్సిన పాఠం. ఐదు దాటితే పక్కన పెట్టండి. పట్టుదలతో చదివేస్తానంటే మానేసే రోజు దగ్గరపడుతుందంతే. ఈ లెక్కకు ఆధారం ఉంది. పదజాలం మీద ఏళ్ల తరబడి పనిచేసిన పాల్ నేషన్ వంటి భాషావేత్తలు, ఎవరి సాయమూ లేకుండా ఒక పాఠం అర్థం కావాలంటే అందులో దాదాపు 98 శాతం మాటలు తెలిసి ఉండాలని చూపించారు. అంటే యాభై మాటలకు ఒక్కటే కొత్తది.

ఐదు దాటినవాళ్లకు మెట్ల వాచకాలు ఉన్నాయి. అంటే లెక్కపెట్టిన కొద్ది మాటలతోనే, మెట్టుమెట్టుకు మాటలు పెంచుతూ రాసిన గ్రేడెడ్ రీడర్లు. ఆక్స్‌ఫర్డ్ బుక్‌వర్మ్స్ వరసలో మొదటి మెట్టుకు 400 మూల పదాలు, రెండోదానికి 700, మూడోదానికి 1000, నాలుగోదానికి 1400, ఐదోదానికి 1800, ఆరోదానికి 2500. ఇందులో ఫ్యాక్ట్‌ఫైల్స్ పేరుతో వచ్చేవి కథలు కావు. నగరాలు, మనుషులు, చరిత్ర గురించిన పుస్తకాలు. మన పనికి అవే సరిపోతాయి. 1000 పదాల మెట్టు తడబడకుండా చదవగలిగితే కింద చెప్పే పనికి మీరు సిద్ధం.

ఒక నెలకు ఒకే విషయం

ఈ రోజు తాజ్‌మహల్, రేపు రెండో ప్రపంచ యుద్ధం, ఎల్లుండి కూచిపూడి అని చదివితే ప్రతిరోజూ కొత్త మాటల గుంపు ఎదురవుతుంది. ఒక్కటీ రెండోసారి కనపడదు. ఒక మాట మీ సొంతం కావాలంటే రకరకాల వాక్యాల్లో పది పన్నెండు సార్లైనా తగలాలి. అందుకే నెలంతా ఒకే విషయం మీద ఐదారు వేరువేరు రచనలు చదవండి. భాషాబోధనలో స్టీఫెన్ క్రాషెన్ దీన్ని నారో రీడింగ్ అన్నారు. పేరు ఏదైతేనేం, రెండో వారానికి పాత మాటలే తిరిగి వస్తుంటే చదివే వేగం దానంతటదే పెరుగుతుంది.

మొదటి నెలకు రామప్ప గుడిని తీసుకుందాం. ములుగు జిల్లా పాలంపేటలో ఉన్న ఈ గుడికి 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. దాంతో దీని మీద అన్ని స్థాయిల్లోనూ ఇంగ్లిష్ రచనలు దొరుకుతున్నాయి.

మొదటి రెండు రోజులు ఇంగ్లిష్ ముట్టుకోవద్దు. కాకతీయుల గురించి తెలుగులో చదవండి. బడి పుస్తకం చాలు, తెలుగు వికీపీడియా చాలు. గణపతిదేవుడు ఎవరు, రేచర్ల రుద్రుడు ఎవరు, 1213 శాసనం ఏం చెబుతుంది, ఇసుక పునాది అంటే ఏమిటి, నీళ్లమీద తేలే ఇటుకల సంగతేమిటి అన్నవి తలలో ఉండాలి. టైం వృథా అనిపించే ఈ రెండు రోజులే తర్వాతి నాలుగు వారాలను మోస్తాయి.

తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల ద్విభాషా పాఠ్యపుస్తకాలు. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగు. పెద్దవాళ్లు వీటిని చిన్నచూపు చూస్తారు గానీ, పక్కపక్కనే రెండు భాషలూ ఇంత శ్రద్ధగా అచ్చేసిన సరుకు మరోచోట దొరకడం కష్టం. సాంఘిక శాస్త్రంలో కాకతీయుల పాఠం తెరిచి ముందు ఇంగ్లిష్ పేజీ చదవండి. చిక్కుపడిన చోట మాత్రమే తెలుగు పేజీలోకి చూడండి. ముందే తెలుగు పేజీ చదివేస్తే కళ్లు ఇంగ్లిష్ మీద ఊరికే జారిపోతాయి.

మూడో మెట్టు యునెస్కో వెబ్‌సైట్లో రామప్ప పేజీ. పైన ఒక్క పేరాలో ఉండే చిన్న పరిచయం మాత్రమే చదవండి. కింద ఉండే పొడుగాటి విలువల ప్రకటన కమిటీల భాషలో ఉంటుంది, దాన్ని నెలాఖరుకు దాచండి. నాలుగో మెట్టు, గుర్తింపు వచ్చిన మర్నాడు పేపర్లలో వచ్చిన వార్తలు. ఒకే సంఘటన మీద మూడు పేపర్ల వార్తలు వరసగా చదివితే ఒకే విషయాన్ని మూడు రకాల వాక్యాల్లో చెప్పడం కళ్లముందు కనపడుతుంది. ఇంత మంచి పాఠం ఏ వ్యాకరణ పుస్తకమూ చెప్పదు. ఐదోది ఇంగ్లిష్ వికీపీడియా వ్యాసం. అది బరువుగా అనిపిస్తే సింపుల్ ఇంగ్లిష్ వికీపీడియాలో కాకతీయుల మీద ఏముందో వెతకండి. అక్కడ వ్యాసాలు తక్కువ, చిన్నవి, కానీ వాక్యాలు పొట్టిగా ఉంటాయి.

అరగంట ఎలా గడపాలి

మొదటి ఐదు నిమిషాలు నిన్న చదివింది ఇంగ్లిష్‌లో గుర్తుచేసుకోండి. పెదాలు కదపండి, తప్పులు పట్టించుకోవద్దు. తర్వాత పదిహేను నిమిషాలు కొత్త భాగాన్ని ఆపకుండా చదవండి. ఇందులో డిక్షనరీ లేదు, ఫోన్ లేదు. తెలియని మాట వస్తే కింద చుక్క పెట్టి ముందుకు వెళ్లిపోవాలి. నిమిషానికి 100 మాటల వేగంతో చదివినా 1500 మాటలు అవుతాయి. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న పెద్దవాళ్లు ఇలాంటి రచనలను మౌనంగా చదివే వేగం సగటున 240కి దగ్గరగా ఉంటుంది. కాబట్టి 100 దగ్గర సిగ్గుపడాల్సిందేమీ లేదు. 60కి పడిపోతే మాత్రం పాఠం మీకు కష్టమైందని గుర్తు.

చివరి పది నిమిషాలు అదే భాగాన్ని పెన్సిల్‌తో మళ్లీ చదవండి. చుక్క పెట్టిన మాటల్లో సగానికి సగం ఈసరికి సందర్భాన్ని బట్టి తెలిసిపోయి ఉంటాయి. మిగిలినవాటిలో రెండోసారి కనపడినవి, వాక్యాన్నే ఆపేసినవి మాత్రమే డిక్షనరీలో చూడండి. రోజుకు ఏడు మించొద్దు. ఇరవై మాటలు రాసుకున్నవాళ్లకు వారం తర్వాత గుర్తుండేవి నాలుగో ఐదో. ఏడు రాసుకున్నవాళ్లకు గుర్తుండేవీ దాదాపు అన్నే, శ్రమ మాత్రం మూడో వంతు.

డిక్షనరీ విషయంలో ఒక తేడా పాటించండి. క్రియలకు, గుణం చెప్పే మాటలకు లెర్నర్స్ డిక్షనరీ చూడాలి. లాంగ్‌మన్ వాళ్ల లెర్నర్స్ డిక్షనరీలో అర్థాలన్నీ సుమారు 2000 తేలిక పదాల్లోనే వివరిస్తారు. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ కూడా అలాంటిదే. రెండూ నెట్‌లో ఉచితం. వస్తువులకు, చెట్లకు, పనిముట్లకు మాత్రం నేరుగా తెలుగు మాటే చూడండి. మైరోబలన్ అంటే ఏమిటో ఇంగ్లిష్‌లో మూడు లైన్లు చదివే బదులు కరక్కాయ అని తెలిస్తే పని అయిపోయింది. ఇందుకు ఆంధ్రభారతి సైట్లోని నిఘంటు శోధన బాగుంటుంది.

పొడుగు వాక్యాన్ని విప్పడం

తెలుగువాళ్లు మాటలన్నీ తెలిసి కూడా చిక్కుకునేది ఇక్కడే. ఈ వాక్యం చూడండి:

*ది టెంపుల్, బిల్ట్ బై రేచర్ల రుద్ర, ఎ జనరల్ ఆఫ్ ది కాకతీయ కింగ్ గణపతిదేవ, రెస్ట్స్ ఆన్ ఎ బెడ్ ఆఫ్ సాండ్.*

తెలుగులో ఇదే సంగతి చెప్పాలంటే "కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇసుక పరుపు మీద నిలిచి ఉంది" అంటాం. గుడి గురించిన వివరమంతా గుడి అన్న మాటకు ముందే వచ్చేసింది, క్రియ ఆఖర్న కూర్చుంది. ఇంగ్లిష్‌లో గుడి ముందొచ్చింది, వివరం దాని వెనక వేలాడింది, అసలు క్రియ ఆ వివరం అయ్యాక వచ్చింది. తెలుగు అలవాటుతో చదివే కన్ను మొదట కనపడిన బిల్ట్ దగ్గరే ఆగి, ఇదే క్రియ అనుకుంటుంది. అప్పుడు గుడి ఎవరినో కట్టినట్టు అర్థం వచ్చి, రెస్ట్స్ దగ్గరికొచ్చేసరికి అంతా గందరగోళం.

విప్పే పద్ధతి ఇది. క్రియలా కనపడే ప్రతి మాటకు ముందు 'విచ్ వాజ్' పెట్టి చూడండి. 'ది టెంపుల్ విచ్ వాజ్ బిల్ట్ బై రేచర్ల రుద్ర' అతుకుతుంది. అంటే బిల్ట్ ఇక్కడ అసలు క్రియ కాదు, కట్టించిన అన్న విశేషణం. 'విచ్ వాజ్ రెస్ట్స్' అతకదు. అదే అసలు క్రియ. దాని కింద గీత గీసి, కామాల మధ్య ఉన్నవి కప్పేసి, మిగిలిన అస్థిపంజరం చదవండి: ది టెంపుల్ రెస్ట్స్ ఆన్ ఎ బెడ్ ఆఫ్ సాండ్. అది బోధపడ్డాక ఒక్కో కామా ముక్కను తిరిగి అతికించండి. కట్టించింది ఎవరు? రేచర్ల రుద్ర. ఆయన ఎవరు? ఎ జనరల్. ఎవరి జనరల్? ఇలా ఒక్కో ప్రశ్నకు ఒక్కో ముక్క జవాబవుతుంది. రోజుకు ఇలాంటి వాక్యాలు రెండు విప్పితే చాలు. నెల తిరిగేసరికి కన్ను తనంతట తనే ఆ పని చేస్తుంది.

కామాలు లేకుండా వచ్చినప్పుడు ఇదే చిక్కు ఇంకా గట్టిగా పడుతుంది. 'ది టెంపుల్ బిల్ట్ ఇన్ 1213 రెస్ట్స్ ఆన్ సాండ్' లాంటివి పేపర్లలో కొల్లలు. వాటికీ అదే 'విచ్ వాజ్' పరీక్ష పెట్టండి.

చరిత్ర ఇంగ్లిష్‌లో కాలికి తగిలే రాళ్లు

వుడ్ అన్న మాట ముందు చూడాలి. బళ్లో నేర్చుకున్నది మర్యాదగా అడగడానికి, లేదా పాత అలవాటు చెప్పడానికి. చరిత్రలో దీనికి మూడో పని ఉంది. *కాటన్ కేమ్ టు మద్రాస్ యాజ్ ఎ యంగ్ ఇంజనీర్. హి వుడ్ లేటర్ బిల్డ్ ది ఆనికట్ ఎట్ ధవళేశ్వరం.* ఇక్కడ కట్టేవాడనీ కాదు, కడతాడేమో అనీ కాదు. తర్వాతి కాలంలో కట్టాడు అని. కథ గతంలో ఒక చోట నిలబడి, అక్కణ్నుంచి తర్వాత రాబోయే రోజుల్లోకి తొంగిచూస్తోంది. జీవిత చరిత్రల్లో ఇది పేజీకి రెండు మూడు సార్లు తగులుతుంది.

బై కూడా అంతే. కట్టించినవాడి పేరు ముందు వస్తే చేత. సంవత్సరం ముందు వస్తే ఆ సంవత్సరం నాటికల్లా. *బై 1852 ది వర్క్ హ్యాడ్ బీన్ కంప్లీటెడ్* అంటే 1852 వచ్చేసరికే పని అయిపోయి ఉందని. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కల్లా ముగిసింది. ఇలా సంవత్సరంతో వచ్చే బై వెనకాలే చాలాసార్లు హ్యాడ్ కూడా కనపడుతుంది. ఆ జంటను గుర్తుపెట్టుకోండి.

శతాబ్దాల లెక్కలో పెద్దవాళ్లు కూడా తప్పుతారు. థర్టీన్త్ సెంచరీ అంటే 1201 నుంచి 1300 దాకా. రామప్ప 1213 నాటిది కాబట్టి అది థర్టీన్త్ సెంచరీ గుడి. ట్వెల్ఫ్త్ కాదు. అదే 'ది ట్వెల్వ్ హండ్రెడ్స్' అంటే మళ్లీ 1200ల కాలమే.

ఇక తెలిసినట్టే ఉండి మోసం చేసే మాటలు. *రుద్రమదేవి సక్సీడెడ్ గణపతిదేవ* అంటే రుద్రమ గెలిచిందని కాదు, 1262లో ఆయన తర్వాత సింహాసనం ఎక్కిందని. రాజుగారి సబ్జెక్ట్స్ అంటే ప్రజలు. నగరాన్ని శాక్ చేశారంటే దోచుకుని ధ్వంసం చేశారు. వితౌట్ ఇష్యూ చనిపోయాడంటే సంతానం లేకుండా. మైనర్ అంటే ఇంకా ఈడు రాని వారసుడు. టాంక్ అంటే మన వైపు రచనల్లో చెరువు. రామప్ప టాంక్ అని చదివి సిమెంటు తొట్టి ఊహించుకుంటే కాకతీయుల నీటిపారుదల అంతా కొట్టుకుపోతుంది. వీటన్నిటికీ సూత్రం ఒకటే. తెలిసిన మాట ఉండీ వాక్యం వింతగా తోస్తే, ఆ తెలిసిన మాటనే ముందు డిక్షనరీలో చూడండి. రెండో మూడో అర్థం దగ్గర దొరుకుతుంది.

నోటుబుక్

ఎడమ పక్క ఇంగ్లిష్ మాట, కుడి పక్క తెలుగు అర్థం. అందరూ రాసే ఈ పట్టీ వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. మాట కాదు, మాట ఉన్న ముక్క రాయండి. రెయిన్ అని రాసి పాలన అనుకునే బదులు 'డ్యూరింగ్ ది రెయిన్ ఆఫ్' అని మొత్తం రాయండి. డ్యూరింగ్, ది, ఆఫ్ మూడూ ఉచితంగా వచ్చేస్తాయి. ఫౌండేషన్ బదులు 'లెయిడ్ ది ఫౌండేషన్ ఆఫ్'. కార్వ్ బదులు 'కార్వ్డ్ ఔట్ ఆఫ్'. కింద పేజీ నంబరు వేసుకోండి. అదే ముక్క మరో రచనలో కనపడితే రెండో నంబరు చేర్చండి. మూడు నంబర్లు పడిన ముక్క ఇక మీదే. ఒక్క నంబరుతోనే నెలాఖరు దాకా మిగిలినదాన్ని కొట్టేయండి. అది మీకు ఇప్పట్లో అక్కర్లేదు.

తెలుగు చేసి, మళ్లీ ఇంగ్లిష్ చేయడం

వారానికి రెండుసార్లు చేసే ఈ పనికి ఎక్కువ ఓపిక కావాలి. రాయడం దీనితోనే వస్తుంది. మొదటి ఎలిజబెత్ రాణికి చదువు చెప్పిన రోజర్ ఆస్కమ్ లాటిన్ నేర్పడానికి ఇదే దారి చెప్పాడు. ఆయన పోయాక 1570లో అచ్చయిన పుస్తకంలో అది వివరంగా ఉంది.

చదివిన రచనలోంచి 80 నుంచి 100 మాటల పేరా ఒకటి ఎంచుకోండి. దాన్ని మంచి తెలుగులోకి రాయండి. మంచి తెలుగు అన్న మాట గట్టిగా పట్టుకోండి. ఇంగ్లిష్ వరసలోనే తెలుగు మాటలు పేర్చితే తిరిగి రాసేటప్పుడు ఆ వరసే దారి చూపిస్తుంది, కసరత్తంతా ఉత్తదైపోతుంది. ఇంగ్లిష్ కాగితం మూసేయండి. రెండు రోజులాగండి. మూడో రోజు తెలుగు ఒక్కటే చూస్తూ ఇంగ్లిష్ రాయండి. అప్పుడు అసలుతో పక్కపక్కన పెట్టండి.

తేడాలన్నీ తప్పులు కావు. బిల్ట్ ఉన్నచోట మీరు కన్‌స్ట్రక్టెడ్ రాస్తే వదిలేయండి. ఎర్ర గీత పడాల్సినవి వేరే. తెలుగులో "1213లో కట్టించాడు" అంటే సరిపోతుంది. ఇంగ్లిష్‌లో హి లేకపోతే వాక్యమే నిలబడదు. ఈ హి, ఇట్ ఎగిరిపోవడం మనవాళ్ల కాగితాల్లో మొదటి తప్పు. గౌరవ బహువచనం రెండోది. "రుద్రమదేవి పాలించారు" అని తెలుగులో రాసుకుని, ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి దే రాసేస్తారు. మూడోది ఎ, ది. తెలుగులో వీటికి సాటి లేదు కాబట్టి చదివేటప్పుడు కంటికే ఆనవు. మొదటిసారి పరిచయం చేసినప్పుడు ఎ జనరల్, రెండోసారి వచ్చేసరికి ది జనరల్. వారానికోసారి ఒక పేరాను ఎ, ది ఉన్నచోట్ల ఖాళీలు వదిలి ఎత్తిరాసుకోండి. మర్నాడు నింపి సరిచూసుకోండి. పది నిమిషాల పని.

జీవితాలు చదవాలంటే సంతాప వ్యాసాలు

మనిషి కథతో భాష నేర్చుకోవాలనుకునేవాళ్లకు 400 పేజీల జీవిత చరిత్ర అక్కర్లేదు. ఇంగ్లిష్ పేపర్లలో పేరున్నవాళ్లు పోయినప్పుడు వచ్చే అబిట్యువరీ చాలు. ఒక జీవితం మొత్తం కొన్ని వందల మాటల్లో ఉంటుంది. పైగా దాని అచ్చు దాదాపు మారదు. మొదటి వాక్యంలో ఎవరు, ఎందుకు పేరు పొందారు, ఏ వయసులో పోయారు. తర్వాత వాళ్ల పెద్ద పని. అక్కణ్నుంచి పుట్టుక దగ్గరికి వెనక్కి వెళ్లి వరసగా చదువు, ఉద్యోగం, పెళ్లి. చివర్లో కుటుంబం. మీకు తెలుగులో బాగా తెలిసిన సినిమా మనిషో, గాయకుడో, ఆటగాడో పోయినప్పటి వ్యాసాలు రెండు పేపర్లలోవి తీసుకోండి.

ఆఖరి వాక్యం దగ్గర ఆగండి. *హి ఈజ్ సర్వైవ్డ్ బై హిజ్ వైఫ్ అండ్ టూ డాటర్స్.* భార్యాపిల్లలు కాపాడారని చదివేవాళ్లు ఉన్నారు. ఆయనకు భార్య, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు అని అర్థం.

చేతిపనులు, వంటలు, పండుగలు

సంస్కృతి రచనల్లో వ్యాకరణం తేలిక, వస్తువుల పేర్లు కష్టం. చరిత్రకు ఇది తలకిందులు. శ్రీకాళహస్తి కలంకారీ మీద ఏ ఇంగ్లిష్ వ్యాసం తీసుకున్నా వాక్యాలు ఒకే మూసలో నడుస్తాయి: గుడ్డ ఈజ్ సోక్డ్, తర్వాత ఈజ్ డ్రైడ్, ఆపైన ఔట్‌లైన్స్ ఆర్ డ్రాన్. చేసేవాళ్లు కనపడరు, పని మాత్రం వరసగా కనపడుతుంది. కాబట్టి చదవకముందే వస్తువుల పట్టీ ఒకటి తయారుచేసుకోండి. కరక్కాయకు మైరోబలన్, పటికకు ఆలమ్, నీలిమందుకు ఇండిగో, రంగును గుడ్డకు పట్టించే మందుకు మోర్డెంట్, బెల్లానికి జాగరీ. ఈ ఐదు తెలిస్తే మిగతా వ్యాసం సాఫీగా సాగుతుంది. చదివాక పుస్తకం మూసి, మీ ఇంట్లో ఆవకాయ పెట్టే పద్ధతిని అదే మూసలో ఎనిమిది వాక్యాల్లో రాయండి.

గట్టిగా చదవడం

వారానికి మూడు రోజులు, చదివి అర్థమైన పేరానే గట్టిగా చదవండి. అర్థం కానిది గట్టిగా చదివితే నోటికి తప్పు అలవాటు పడటం తప్ప లాభం లేదు. చరిత్ర మాటల్లో స్పెల్లింగ్ చూసి పలికితే దొరికిపోయేవి కొన్ని ఉన్నాయి. పాలన అనే రెయిన్‌లో జి పలకదు, వాన రెయిన్‌లాగే ఉంటుంది. సమాధి అనే టూమ్‌లో చివరి బి పలకదు. సైన్యంలో కర్నల్ స్పెల్లింగ్‌లో ఎక్కడా ఆర్ లేదు. సంవత్సరాలను రెండేసి అంకెలుగా విడదీసి చదవాలి: 1213 ట్వెల్వ్ థర్టీన్, 1852 ఎయిటీన్ ఫిఫ్టీటూ, 1905 నైన్టీన్ ఓ ఫైవ్.

వింటూ చదవాలనుకునేవాళ్లకు వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో మొదలుపెట్టిన స్పెషల్ ఇంగ్లిష్ ప్రసారాల నమూనా మంచిది. సుమారు 1500 మూల పదాలు, పొట్టి వాక్యాలు, మామూలు వేగంలో మూడింట రెండొంతుల వేగం. అమెరికా చరిత్ర మీద వాళ్లు పెద్ద వరసే నడిపారు. అక్కడి పాఠాలు ఎక్కడ దొరికినా ముందు చదివి, తర్వాత కాగితం చూడకుండా వినండి. అమెరికా చరిత్ర మీకు కొత్తదైతే రామప్పకు చేసినట్టే ముందు రెండు రోజులు తెలుగులో చదువుకోండి.

పాత పుస్తకాల జోలికి ఎప్పుడు వెళ్లాలి

నెట్‌లో ఉచితంగా దొరుకుతాయని చాలామంది దొరల కాలం గెజిటీర్లు (జిల్లాల వివరాలు రాసిన సర్కారు పుస్తకాలు), జీవిత చరిత్రలు ముందేసుకుంటారు. ఆర్థర్ కాటన్ మీద ఆయన కూతురు లేడీ హోప్ రాసిన పుస్తకం 1900 నాటిది. సమాచారం కోసం తెరవచ్చు. ఆ వాక్యాలను చూసి రాయడం నేర్చుకుంటే మీ దరఖాస్తులు విక్టోరియా రాణికి రాసినట్టు ఉంటాయి. సి.పి. బ్రౌన్ నిఘంటువుకూ ఇదే వర్తిస్తుంది. 1852 నాటి ఆ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు తెలుగు మాటలకు ఇప్పటికీ నిధి, కానీ అందులోని ఇంగ్లిష్ ఇప్పటి ఇంగ్లిష్ కాదు.

ఆరు నెలల తర్వాత వాటిని తెరిచినప్పుడు ఊళ్ల పేర్ల పట్టీ పక్కన ఉండాలి. మసులిపటం అంటే మచిలీపట్నం, కొకనాడ అంటే కాకినాడ, ఎల్లోర్ అంటే ఏలూరు, విజగపటం అంటే విశాఖపట్నం, కిస్ట్నా అంటే కృష్ణ. జెంటూ అని కనపడితే చాలాచోట్ల అది తెలుగే.

మెట్టు ఎక్కాలా, ఆగాలా

నెలాఖరున అదే విషయం మీద ఇంతవరకు చూడని రచన ఒకటి తీసుకుని మళ్లీ 100 మాటల లెక్క వేయండి. తెలియనివి రెండుకు దిగితే విషయం మార్చండి, కానీ పక్క విషయానికే మారండి. రామప్ప నుంచి కాకతీయుల చెరువులకు, చెరువుల నుంచి ధవళేశ్వరం ఆనకట్టకు వెళితే టాంక్, బండ్ (గట్టు), స్లూయిస్ (తూము), కెనాల్ అన్నీ వెంట వస్తాయి. రామప్ప నుంచి ఒక్కసారిగా ఒలింపిక్స్‌కి దూకితే మళ్లీ మొదటి రోజే. మూడు నుంచి ఐదు మధ్య ఉంటే ఇంకో రెండు వారాలు అక్కడే ఉండండి. పాతవే తిరగేయకుండా అదే విషయం మీద కొత్త పొట్టి రచనలు రెండు చూసుకోండి. ఐదు దాటితే మెట్ల వాచకంలో ఒక మెట్టు దిగి, అది పూర్తయ్యాక యునెస్కో పేరా దగ్గర్నుంచి మళ్లీ పట్టుకోండి.